ముందు ఆపు, తర్వాత అడుగు

పొద్దున్న నాలుగుంబావు. శంషాబాద్‌లో మా డిస్పాచ్ కౌంటర్. బ్రెత్ ఎనలైజర్ గొట్టంలో ఊది, సున్నా వచ్చినట్టు సంతకం పెట్టి నా పక్కకొచ్చి నిలబడింది ఆ అమ్మాయి. అనంతపురం వైపు పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. ప్రయాణికులతో ఆమె మొదటి ఫ్లైట్ అది, కడపకి. ప్లాన్ కాగితాలు ఆమె ముందుకు జరిపి అడిగాను.

“ఫ్యూయెల్ ఎంత ఎక్కిద్దామమ్మా?”

“మీరెంత అంటే అంత సార్.”

కంప్యూటర్ ప్లాన్ 2,100 కిలోలు అంటోంది. కాగితం మూలన పెన్సిల్‌తో 2,300 అని రాసి చెరిపేసిన మరక కనిపిస్తూనే ఉంది. అంటే లెక్క వేసింది. కడపలో తెల్లారేసరికి మంచు పట్టొచ్చన్న రిపోర్టు చూసింది. కాసేపు గాల్లో చుట్లు కొట్టాల్సి వస్తే ఉంటుందని ఓ రెండొందల కిలోలు ఎక్కువ వేసుకుంది. తీరా నా మొహం చూడగానే చెరిపేసింది.

పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఇరవై ఏళ్ళపాటు నేర్పి మరీ పంపుతారు మన ఇళ్ళల్లో. ఆ ముడి మేము కొద్ది నెలల్లో విప్పాలి. పైలట్ ట్రైనింగ్ అనగానే జనానికి మీటలూ మబ్బులూ గుర్తొస్తాయి. నా మటుకు నాకు సగం ట్రైనింగ్ ఇదే.

నేను నడిపేది ఏటీఆర్ 72. చిన్న ఊళ్ళకి వెళ్ళే రెండు ప్రొపెల్లర్ల విమానం. డెబ్భై, డెబ్భై ఎనిమిది మంది పడతారు. ఎక్కడం దిగడం వెనక తలుపు నుంచే. జనం ఎక్కేటప్పుడు బరువంతా వెనక పడి ముక్కు పైకి లేవకుండా తోక కింద ఒక కర్ర ఆనిస్తారు, ఎద్దులు విప్పిన బండికి వెనకాల ఆనించినట్టు. జెట్ నడిపేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు కానీ, కడపలాంటి పొట్టి రన్‌వే మీద హాయిగా దిగి లేచేది ఇదే. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళని కలిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన రోజు, హైదరాబాద్ నుంచి కడపకీ నాందేడ్‌కీ లేచినవి కూడా ఏటీఆర్‌లే. మా నాన్న తణుకు డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నా విమానం మొదటిసారి ఎక్కి దిగాక, “ఒరేయ్, ఇది పల్లెవెలుగురా” అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఈ పల్లెవెలుగులకి డ్రైవర్లు ఎక్కణ్ణుంచి వస్తారన్నది చాలామంది తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్న. దారి మొదట్లోనే ఒక మాట. ఫీజు కట్టడం తర్వాత, ముందు మెడికల్ చేయించండి. క్లాస్ టూ అయ్యాక క్లాస్ వన్, రెండూ. మా బ్యాచ్‌లో ఒకడు సగం ఫీజు కట్టేశాక గానీ తనకి రంగుల తేడా సరిగ్గా తెలియదని బయటపడలేదు. చుక్కల బొమ్మల పుస్తకంలో అంకె అందరికీ కనిపిస్తోంది, వాడికి కనిపించడంలేదు. కట్టిన డబ్బు ఆ స్కూలు తిరిగివ్వలేదు. వాళ్ళ నాన్న అమ్మిన పొలమూ తిరిగి రాలేదు.

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఆ తర్వాత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాత పరీక్షలు: నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదాంట్లో నూటికి డెబ్భై రావాలి. అరవై తొమ్మిదొస్తే మళ్ళీ మొదటికే. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష. తెలుగు మీడియం పిల్లలు దానికే హడలిపోతారు. నేనూ హడలిపోయాను. తీరా చూస్తే అది మనం భయపడే ఇంగ్లీషే కాదు. అంకెలు కూడా వేరుగా పలకాలి. మూడుని ‘ట్రీ’ అనాలి, ఐదుని ‘ఫైఫ్’, తొమ్మిదిని ‘నైనర్’. పెళ్ళి మంత్రాల్లాగా మహా అయితే వంద మాటలుంటాయి, వాటినే తిప్పి తిప్పి వాడతాం. కాన్వెంటు పిల్లలు అందంగా వాక్యాలు కట్టబోయి అక్కడే దెబ్బతింటారు.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకి మన దేశంలో 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు తనే కెప్టెన్‌గా. కనీసం ఒక్కసారైనా 540 కిలోమీటర్ల దూరప్రయాణం, మధ్యలో వేరే విమానాశ్రయాల్లో దిగుతూ. నేను బేగంపేటలో నేర్చుకున్నాను. అప్పటికింకా శంషాబాద్ తెరవలేదు. పెద్ద విమానాలు ఒకదాని వెనక ఒకటి లేచిపోతుంటే, రన్‌వే పక్కన చిన్న సెస్నా విమానంలో కూర్చుని మా వంతు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇంజిన్ తిరుగుతూనే ఉండేది, దాంతోపాటు మీటరూ. నిమిషానికింతని మా నాన్న పీఎఫ్ లోను కరిగిపోవడం చెవులకి వినపడేది. ఇప్పటి లెక్కలో లైసెన్సు చేతికొచ్చేసరికి యాభై లక్షలు దాటిపోతోంది. కొన్ని కంపెనీలు క్యాడెట్ ప్రోగ్రాం పేరుతో ముందే పిల్లల్ని ఎంచుకుని, తాము ఒప్పందం చేసుకున్న స్కూళ్ళకి పంపుతున్నాయి. అందులో చివరిదాకా అన్నీ కలిపి కోటికి అటూ ఇటూ అవుతుంది. ఉద్యోగం మీద భరోసా కాస్త ఎక్కువ, అప్పు కూడా ఎక్కువే.

భరోసా అన్న మాట ఊరికే అనడంలేదు. నా చేతికి లైసెన్సొచ్చింది 2008లో. ఆ ఏడే ప్రపంచమంతా మాంద్యం, కంపెనీలు తలుపులు మూసేశాయి. నాలుగేళ్ళు అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్లో మెటీరియాలజీ చెప్పుకుని బతికాను. మబ్బుల రకాలు బోర్డు మీద గీయడమే తప్ప వాటిలోకి వెళ్ళింది లేదు. లైసెన్సు బతికుండాలంటే మధ్య మధ్యలో ఎగురుతూ ఉండాలి, దానికి మళ్ళీ డబ్బు. “ఉద్యోగం గ్యారంటీ” అని హోర్డింగు చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగేళ్ళు గుర్తొస్తాయి.

కంపెనీ పిలిచాక మొదట రాత పరీక్ష, తర్వాత కంప్యూటర్ ముందు చేతులకీ కళ్ళకీ పెట్టే పరీక్షలు. ఒక చేత్తో గీతని మధ్యలో నిలబెడుతూ, చెవిలో వినపడే అంకెలు కూడుతూ, మూలన ఎర్ర లైటు వెలిగినప్పుడు నొక్కాలి. పొయ్యి మీద పాలు, చంకలో పిల్లాడు, గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ అన్నమాట. మా అమ్మ అయితే మొదటిసారే పాసయ్యేది. మనస్తత్వ పరీక్ష, గ్రూప్ డిస్కషన్ దాటాక చివరికి మా ముందుకు వస్తారు, ఇంటర్వ్యూకి.

అందులో నాది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. “నువ్వు ఎగురుతూ చేసిన తప్పొకటి చెప్పు.” పది మందిలో ఎనిమిది మంది, “నేను ప్రతిదీ పర్ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను సార్, అదే నా తప్పు” అంటారు. ఎవరో నేర్పి పంపుతున్నారు. ఒక కుర్రాడు మాత్రం కాస్త తటపటాయించి, సోలో వెళ్తూ నాగార్జునసాగర్ కాలువని చూసి కృష్ణానది అనుకుని దానెంటే పోయానన్నాడు.

“ఏటీసీకి చెప్పావా?”

“చెప్పాను సార్. ఓ ఐదు నిమిషాలు ఆగి.”

“ఎందుకాగావు?”

“సిగ్గేసింది సార్.”

తీసుకున్నాం. ఐదు నిమిషాల్ని ఐదు సెకండ్లకి తేవడం మా పని. అసలు సిగ్గుపడ్డానని ఒప్పుకోలేనివాడితో ఏ పనీ చెయ్యలేం.

ఉద్యోగమిచ్చినా వెంటనే సీట్లో కూర్చోబెట్టరు. సెస్నా నేర్చినవాడికి ఏటీఆర్ తెలియదు. దానికి టైప్ రేటింగ్ చేయాలి. ముందు కొన్ని వారాలు క్లాసులు. ఆ రోజుల్లో పిల్లల గదికి వెళ్తే నవ్వొస్తుంది. కాక్‌పిట్ నిలువెత్తు పోస్టరు గోడకి అంటించి, దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, కాగితం మీటల్ని వేలితో తాకుతూ పైకి చదువుతుంటారు. హాస్టల్ వాచ్‌మన్‌కి వీళ్ళకి పిచ్చెక్కిందని అనుమానం. కానీ ఆ తాకడం, పైకి అనడం చాలా ముఖ్యం. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో ఏటీఆర్ కూలి 72 మంది పోయారు. రెక్కల ఫ్లాప్స్ మీట దించబోయి పక్కనున్న వేరే మీటల్ని వెనక్కి లాగారని దర్యాప్తులో తేలింది. దాంతో రెండు ప్రొపెల్లర్లూ గాలిని తొయ్యడం మానేశాయి. లాగింది కొత్తవాళ్ళు కాదు, శిక్షణనిచ్చే కెప్టెనే. అందుకే మీట మీద చెయ్యి వేసి, అదేనా అని కళ్ళతో చూసుకుని, పేరు పైకి అనకుండా ఏదీ కదపకూడదని పిల్లల ప్రాణం తీస్తాం.

తర్వాత సిమ్యులేటర్. కాళ్ళ మీద నిలబెట్టిన గదిలా ఉంటుంది, లోపల అచ్చంగా కాక్‌పిట్. ఇద్దరు పిల్లలు ముందు, వెనక నేను. ఒక్కో విడత నాలుగు గంటలు. బయటికొచ్చేసరికి చొక్కాలు పిండుకోవాలి. నేను వెనక కూర్చుని ఒక మీట నొక్కుతాను, రన్‌వే మీద పరుగెత్తుతుండగా సరిగ్గా ఇక ఆపలేని వేగం దాటాక ఒక ఇంజిన్ చచ్చిపోతుంది. ఏటీఆర్‌లో ఆ చచ్చిన ఇంజిన్ ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డం పడకుండా వాటంతటవే తిరుగుతాయి, రెండో ఇంజిన్ తనంతట తనే బలం పెంచుకుంటుంది. యంత్రం తన పని తను చేస్తుంది. మనిషి చేయాల్సిందల్లా కాలితో ముక్కుని తిన్నగా పట్టి, తొందరపడకుండా ఉండటం. అదే రాదు. చెయ్యి ఏదో ఒకటి లాగెయ్యాలని చూస్తుంది.

2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్‌కి అచ్చంగా ఇదే జరిగింది. లేచిన కాసేపటికే కుడి ఇంజిన్ ప్రొపెల్లర్ రెక్కలు వాటంతటవే తిరిగిపోయి ఆ వైపు బలం పోయింది. కెప్టెన్ బాగా నడుస్తున్న ఎడమ ఇంజిన్ని ఆపేశాడు. 58 మందిలో 43 మంది చనిపోయారు. ఇంజిన్ ఆగినప్పటి పద్ధతుల్లో ఆయన తడబడతాడని అంతకుముందు ట్రైనింగులోనే గుర్తించారని దర్యాప్తు నివేదిక చెప్పింది. మా బోటివాళ్ళు ఫైల్లో రాసే రెండు ముక్కల విలువ అది. మంచి పిల్లాడే కదా, అప్పులున్నాయి కదా అని కలం ఆగిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు ఈ నివేదిక తలుచుకుంటాను. ఇద్దర్ని మళ్ళీ మొదటి నుంచి చేయించాను. ఒకర్ని పంపించేశాను. ఆ రోజు అన్నం సయించలేదు.

సిమ్యులేటర్ పరీక్ష పాసయ్యాక, జనం లేని ఖాళీ విమానంలో తీసుకెళ్ళి దింపడం, లేపడం చేయిస్తాం. నిజం విమానం సిమ్యులేటర్ కంటే బద్ధకంగా ఉంటుంది. నేల దగ్గరికొచ్చి పవర్ పూర్తిగా తగ్గిస్తే ఆ పెద్ద ప్రొపెల్లర్లే బ్రేకులై, బస్తా పడేసినట్టు కూలబడుతుంది. ప్రతి పిల్లా పిల్లాడూ మొదటిసారి కూలబడేస్తారు. నా నడుం సంగతి అడక్కండి.

ఆఖరున లైన్ ట్రైనింగ్. అసలు ప్రయాణికులతో, పక్కన నాలాంటి ట్రైనింగ్ కెప్టెన్‌తో. మొదట్లో వెనక చిన్న సీట్లో సేఫ్టీ పైలట్ ఒకరు కూర్చుంటారు, నాకేమైనా అయితే కొత్త పిల్ల ఒక్కతే మిగలకూడదని. పదుల కొద్దీ ఫ్లైట్లు ఇలా తిరిగాక వేరే కెప్టెన్ వచ్చి పరీక్షించి సరే అంటే అప్పుడు ఆమె పూర్తి కోపైలట్.

అమెరికాలో వేరే పద్ధతి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ అనే చిన్న కంపెనీ విమానం కూలి 50 మంది పోయాక, 2013 నుంచి కోపైలట్‌కి కూడా సాధారణంగా 1,500 గంటలుండాలన్నారు. అక్కడి పిల్లలు చిన్న విమానాల్లో పాఠాలు చెబుతూ ఆ గంటలు పోగేసుకుంటారు. మనకి 200 చాలు. ఏది మేలని అడిగితే, గంటలు నమ్ముకోవద్దంటాను. ముప్పై ఏళ్ళు ఒకే రూట్లో తిరిగిన డ్రైవరు ఘాట్ రోడ్డెక్కితే ఏమవుతుందో మా నాన్నకి తెలుసు. కానీ 200 గంటల పిల్ల వచ్చినప్పుడు మిగతాదంతా పక్క సీటువాడే నేర్పాలి. ఆ పక్క సీట్లకే ఇప్పుడు కరువు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 జెట్లు ఆర్డరిచ్చాయి. వాటికి పైలట్లు మా దగ్గర్నుంచీ పోవాల్సిందే. కోపైలట్ మానేయాలంటే ఆరు నెలలు, కెప్టెన్ అయితే ఏడాది ముందు నోటీసివ్వాలన్న రూలుంది. నోటీసులిస్తూనే ఉన్నారు, వెళ్తూనే ఉన్నారు. 1,500 గంటలొచ్చి కెప్టెన్ చేద్దామనుకునేసరికి పిల్లాడు ఎయిర్‌బస్ ఎక్కేస్తాడు. చిన్న కంపెనీ అంటే చదివించి పెళ్ళి చేసి పంపే పుట్టిల్లు.

చిన్న కంపెనీ మొదటి అవకాశమివ్వడం కొత్తేమీ కాదు. ప్రేమ్ మాథుర్‌కి 1947లో లైసెన్సొస్తే, ఈ దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పని ఇచ్చింది మన బేగంపేట నుంచి నడిచిన చిన్న కంపెనీ, డెక్కన్ ఎయిర్‌వేస్.

ఇక అసలు సంగతి. నాకు 2012లో ఉద్యోగమొచ్చింది. కంపెనీ పేరొద్దు. లైన్ ట్రైనింగ్ అయిన కొత్త. పక్కన చాలా సీనియర్ కెప్టెన్. దిగేటప్పుడు వేగం ఉండాల్సినదానికంటే పదిహేను నాట్లు ఎక్కువుంది. నాకు కనిపిస్తోంది. చెప్పడం నా డ్యూటీ, సంతకం పెట్టి జీతం తీసుకుంటున్నది అందుకే. నోరు పెగల్లేదు. ఆయనకి తెలియదా అనుకున్నాను. రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనాయి. ఆగేసరికి ముందు మిగిలింది కాస్తే. ఆయన నవ్వి, “నాట్ బ్యాడ్” అన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎక్కడా రాయలేదు.

ఆ వారం తణుకు వెళ్ళినప్పుడు మా నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: “కండక్టర్ ‘హోల్డాన్’ అంటే నేనేం చేస్తాను?”

“ఆపుతారు.”

“ఎందుకని అడుగుతానా?”

“లేదు.”

“ఎవరి కాలు ఫుట్‌బోర్డు కింద ఉందో నాకు తెలీదు. ముందు ఆపుతాను, తర్వాత అడుగుతాను. ఉత్తినే అరిచాడనుకో, ఓ తిట్టు తిడతాను, అది వేరే. కానీ అరవాల్సినప్పుడు అరవని కండక్టర్ ఎందుకురా బండిలో?”

ఆ మాట నా బ్రీఫింగుల్లో ఇప్పటికీ వాడతాను. అనంతపురం పిల్లకీ ఆ మొదటి రోజే చెప్పాను. నవ్వింది. నవ్వినంత మాత్రాన రాదని నాకు తెలుసు.

ఐదు వారాలయ్యింది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. మళ్ళీ కడప. కొండల మధ్య ఊరు, కింద రాళ్ళు పెనంలా కాలి గాలిని పైకి తంతున్నాయి. విమానం నేను నడుపుతున్నాను. పరీక్ష కోసం కావాలనే చేశానని మీరనుకోవచ్చు. కాదు. వేడిగాలి ఎత్తేస్తుంటే ఉండాల్సినదానికంటే పైన ఉండిపోయాను, దించబోయి వేగం పెరిగింది. “స్పీడ్” అంది. “కరెక్టింగ్” అన్నాను. నేల నుంచి 500 అడుగులకి వచ్చేసరికి అన్నీ కుదురుగా ఉండాలి, లేకపోతే దిగకూడదు. అది రూలు. నాకింకా కుదురుతుందనే ఉంది. ఏళ్ళ తరబడి ఎగిరిన చెయ్యి, నిజంగా కుదిరేదేమో కూడా.

“అన్‌స్టేబుల్. గో అరౌండ్.”

గొంతు వణికింది, మాట మాత్రం పూర్తిగా వచ్చింది. బటన్ నొక్కి, పవర్ లీవర్లు ముందుకి తోసి, “గో అరౌండ్, ఫ్లాప్స్” అన్నాను. ఆమె మీట మీద చెయ్యి వేసి, చూసి, అని, మార్చింది. చక్రాలు ముడుచుకున్నాయి. రన్‌వే మా కింద నుంచి వెనక్కి పోయింది. ఓ చుట్టు తిరిగొచ్చి రెండోసారి దిగాం.

విమానం చుట్టూ తిరిగి చూడటానికి ఇద్దరం దిగాం. వెనక మెట్ల దగ్గర పంచె కట్టుకున్న ఓ పెద్దాయన సంచీ చంకలో పెట్టుకుని నన్ను నిలదీశాడు.

“ఏం సామీ, దించినట్లే దించి మళ్ళ పైకి ల్యాపితివే. ప్రొద్దుటూరు బస్సు పోయింటాది నాది.”

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అందుకుంది. “ఆయప్పనెందుకు అంటావు తాతా. నేనే ల్యాపమంటి.”

పెద్దాయన ఆమెని కిందికీ మీదికీ చూశాడు. “నువ్వా? సరే లే. ఇంగొక బస్సు ఉంటాది” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగుంబావుకి మళ్ళీ డిస్పాచ్ కౌంటర్. ఊదింది, సంతకం పెట్టింది, వచ్చి నిలబడింది. ప్లాన్ 2,050 అంటోంది. నేనింకా కళ్ళజోడు తీస్తున్నాను.

“2,400 సార్,” అంది కాగితం మీంచి తలెత్తకుండా. ఈసారి పెన్నుతో రాసింది.

ఫోన్ తీసి ఫ్యూయెల్ బౌజర్‌వాళ్ళకి 2,400 చెప్పాను. ఎందుకో విమానం దగ్గరికి నడుస్తూ అడిగాను.